మెడలోది తీసే చెయ్యి

ఆషాఢంలో రెండో శుక్రవారం, పొద్దున ఆరు ముప్పావు. ఏడు గంటల షిఫ్టుకు మొదటి సైరన్ అప్పుడే కూసి ఆగింది. ఏ సంవత్సరమో చెప్పను. బంగారు గనులు గవర్నమెంటు చేతికి వచ్చిన తరువాత, మూతపడక ముందు అనుకోండి, చాలు. మిల్లు గేటు దగ్గర, ఆడవాళ్ళ వరుసకు ముందు, ఒక స్టూలు మీద కొత్త రేకు ట్రే పెట్టి ఉంది. ఆ ట్రే నిండాలని పైవాళ్ళ ఆజ్ఞ. నింపాల్సింది నా చేతులు.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొన్న మా మనవరాలు వేమగల్‌లో ఫ్యాక్టరీ పని నుంచి వచ్చింది. మెడలో సన్న గొలుసుకు ఓం బిళ్ళ, చేతి గొలుసుకు సిలువ, చెవికి త్రిశూలం.

"ఇవన్నీ ఏందే?" అన్నాను.

"బాగుండాయి గదవ్వా."

"గేటు కాడ ఏమీ అనరా?"

"అనేదానికేముండాది? పోతానే తీసి ట్రేలో వేస్తాము, వస్తానే ఎత్తుకుంటాము. అందరమూ అంతే."

అని జడ విప్పుకుంటూ లోపలికి పోయింది. ట్రే అన్న మాట నా దగ్గరే ఉండిపోయింది. మనవరాలి ఈడున్న మిమ్మల్ని తప్పు పట్టడానికి రాయడం లేదు. మీరు ఇష్టపడి వేసుకుంటారు, ఇష్టపడి తీస్తారు. అందులో నాకు పేచీ లేదు. ఒకప్పుడు ఇలాంటి ట్రే ఒకటి ఖాళీగా తిరిగిపోయిన సంగతి మీకు చెప్పేవాళ్ళు ఇప్పుడు పెద్దగా మిగల్లేదు. అందుకని నేనే చెబుతున్నాను.

మాది బైరకూరు దగ్గర రాగులు పండించే ఇల్లు. పెళ్ళి చేసుకుని గనుల ఊరికి వచ్చాను. మా ఆయన భూమి లోపల పనిచేసేవాడు. అప్పట్లో దిగే ప్రతి మనిషికీ రెండు ఇత్తడి బిళ్ళలు ఇచ్చేవాళ్ళు, రెండింటి మీదా ఒకే అంకె. ఒకటి పైన బోర్డు మీద మేకుకు తగిలించి, దాని జతను నడుముకు కట్టుకుని దిగాలి. పైకి వచ్చాక రెండూ కలిపి హాజరు రాసే టైమాఫీసులో ఇవ్వాలి. షిఫ్టు అయిపోయినా బోర్డు మీద బిళ్ళ వేలాడుతూ ఉంటే, ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. మా ఆయన బిళ్ళ అలా వేలాడింది. బండ పడింది. నడుముకున్న బిళ్ళ ఆయన బట్టలతో పాటు ఆసుపత్రి నుంచి నా చేతికి వచ్చింది. పైనున్న జతను ఎవరో మేకు మీంచి తీసేశారు.

పదో రోజున నన్ను కూర్చోబెట్టి మెడలోది తీశారు. తీసింది మా వాళ్ళే ఇద్దరు ముసలమ్మలు, వాళ్ళూ మొగుళ్ళు పోయినవాళ్ళే. ఆచారం అది, వాళ్ళ తప్పేమీ లేదు. అయినా ఆ తరువాత వాళ్ళ ఇళ్ళలో నేను మంచినీళ్ళు ముట్టలేదు.

కొన్నాళ్ళకు ఒక నల్లదారానికి ఆ ఇత్తడి బిళ్ళ గుచ్చి రవిక లోపల వేసుకున్నాను. మా అత్త కంటబడింది.

"అది యా దేవుని బిళ్ళమ్మా?"

"దేవునిది గాదత్తా, కంపెనీది."

 కొడుకు నడుముకున్న బిళ్ళను ఆమె గుర్తుపట్టకపోదు.

మనిషి పోతే ఆ ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇచ్చే వాడుక ఉండేది. నాకు మిల్లు గేటులో ఆడవాళ్ళను చెక్ చేసే పని ఇచ్చారు. రాయిని పిండి కొట్టి, నీళ్ళతో పారించి, పాదరసంతో బంగారాన్ని పట్టే చోటు మిల్లు. అక్కడి నేల మీది బురదలో కూడా బంగారం ఉంటుంది. ఆ బురద ఊడ్చి ఎత్తేది ఆడవాళ్ళు. వాళ్ళు లోపలికి పోయేటప్పుడు ఒంటి మీద ఏముందో చూడాలి. బయటికి వచ్చేటప్పుడు కొప్పు, కొంగు, నోరు, సద్దిగిన్నె, మెడ చూసి, పోయినప్పుడు ఉన్నవే ఉన్నాయని తేల్చుకుని వదలాలి. నేను గేటు దాటి లోపలికి పోయేదాన్ని కాదు గనుక నన్ను చూసేవాళ్ళు ఎవరూ లేరు.

నన్నెందుకు ఎంచుకున్నారో జమాదారు మొదటి రోజే చెప్పాడు. జమాదారంటే గేటు కాపలావాళ్ళందరికీ పెద్ద, ముళబాగిలు పక్క మనిషి, మెత్తనివాడు. "నీ మెడలో ఏమీ లేదు గదమ్మా, అదే నీ క్వాలిఫికేషను" అన్నాడు. తమాషాకే అన్నాడు. నేను నవ్వలేదు.

తంటా అంతా మెడ దగ్గరే వచ్చింది. పొద్దున్నే బొట్టు లేని ఆడదాని చెయ్యి తాళికి తగలడమంటే ఎవరు ఒప్పుకుంటారు? మొదటి రోజు వరుసలో ముందున్నది ఊడ్పు పనిలో అందరికంటే పెద్దామె. ఆమె నోటికీ లోపల బండలు పేల్చే మందుకూ పెద్ద తేడా లేదు. నేను చెయ్యి చాపగానే వెనక్కి జరిగింది.

"యావమ్మా, లేస్తానే నీ మొగం జూసేది చాలక, నీ చెయ్యి గూడా తగిలించుకోవల్లనా మేము?"

"నా చెయ్యి తగిల్తే మొగోళ్ళు సచ్చేటట్టయితే, కంపెనీ నన్ను గేటు కాడ యాల నిలబెడతాది? బండలు పేల్చేదానికి లోపలికే దింపుతుండె గదా."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దామె నవ్వలేదు గాని గొంతు తగ్గించింది.

"అయితే నువ్వు కండ్లతో జూడు. నేనే ఎత్తి చూపిస్తాను."

ఆ గేటులో అదే పద్ధతైపోయింది. ఎవరిది వాళ్ళు దారం ఎత్తి, కళ్ళకద్దుకుని, చూపించి పోయేవాళ్ళు. నేను చేతులు వెనక్కి కట్టుకుని చూసేదాన్ని. రూలులో ఏముందో నాకు తెలియదు. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు, జీతానికి వేలిముద్ర వేసేదాన్ని.

ఏళ్ళ తరబడి మెడలు చూశాను. మా తెలుగువాళ్ళవి రెండు బొట్లు, పుట్టింటిది ఒకటి, మెట్టినింటిది ఒకటి. అవి సేటు కొట్లో కుదువలో ఉన్నవాళ్ళు దారానికి పసుపుకొమ్ము కట్టుకుని వచ్చేవాళ్ళు. పెద్దామెది ఎప్పుడూ పసుపుకొమ్మే. దాన్ని కూడా బంగారమంత ఒయ్యారంగా ఎత్తి చూపించేది. తమిళ పిల్ల ఒకతె సత్తు సిలువ వేసుకునేది. చిన్నప్పుడు జ్వరం వచ్చి బతకదనుకుంటే వాళ్ళమ్మ కట్టిందట. "దీన్ని ఎవురూ కుదువ పెట్టుకోరక్కా, అందుకే ఇంగా నా దగ్గర ఉండాది" అని నవ్వేది. ఒక సాయిబుల కోడలికి నల్లదారంతో తావీజు ఉండేది, లోపల దేవుని వాక్యం. దాన్ని పాయిఖానాకు తీసుకుపోగూడదని, పోయే ముందు నా చేతిలో పెట్టి పోయేది. నా చెయ్యి మంచిది కాదని ఆమెకు ఎవరూ చెప్పలేదో, చెప్పినా ఆమె వినలేదో. ఒక కన్నడ ఆమె మెడలో వెండి కాయ, అందులో లింగం. "నోడక్కా, ముట్టబేడ" అనేది. చూడు గాని ముట్టుకోవద్దని. నేను ముట్టుకోలేదు.

వీటన్నిటి అర్థాలు చదువుకున్నవాళ్ళు పుస్తకాల్లో రాసే ఉంటారు. గేటులో నిలబడి నేను చూసింది ఇంతే, ఏ బిళ్ళకైనా దాన్ని కట్టిన చెయ్యి ఒకటుంటుంది. అమ్మదో, మొగునిదో, గురువుదో. అది ఎవరి చెయ్యో అడిగితే వాళ్ళ ముఖం మారుతుంది.

ఇంతలో కొత్త సెక్యూరిటీ ఆఫీసరు వచ్చాడు. ఉత్తరాది మనిషి, మిలిటరీలో చేసి వచ్చినవాడు. చెడ్డవాడని నేను అనను. ఆయన వచ్చిన కొత్తలోనే మగవాళ్ళ వరుసలో ఒకడు తాయెత్తు గొట్టంలో పాదరసం పట్టిన బంగారు ముద్ద కూరుకుని దొరికిపోయాడు. అది నిజం, నేనూ నా కళ్ళతో చూశాను. దాంతో గురువారం సాయంత్రం ఆజ్ఞ వచ్చింది. రేపటి నుంచి ఎవరి మెడలోనూ ఏమీ ఉండగూడదు. ఆడవాళ్ళవి చెకింగ్ ఆయమ్మ తన చేత్తో తీసి, ట్రేలో వేసి, సాయంత్రం తిరిగి ఇవ్వాలి. వాళ్ళే తీసి ఇస్తే తీసేటప్పుడు ఏదైనా దాచుకుంటారట.

"రేపు శుక్రవారం సార్" అన్నాడు జమాదారు.

"రేపే" అన్నాడు ఆఫీసరు.

ఆ ఉద్యోగం మీద నాకు కంపెనీ ఇల్లు, ఇద్దరు పిల్లలు, మంచంపట్టిన అత్త. నోరు మూసుకుని ఇంటికి పోయాను.

ఇక ఆ శుక్రవారం. వరుసలో మొదట ఎప్పటిలాగే పెద్దామె. అప్పటికి ఆమె మొగుడు కంపెనీ ఆసుపత్రిలో ఉన్నాడు. ఏళ్ళ తరబడి పీల్చిన రాతిదుమ్ము రొమ్ములో పేరుకుని, కూర్చుంటే తప్ప ఊపిరి ఆడని స్థితి. ఆ సంగతి వరుసలో అందరికీ తెలుసు. శుక్రవారం గనుక ఆమె పసుపు రాసుకుని వచ్చింది. మెడ మీద పసుపు ఇంకా ఆరలేదు. దారం ఎత్తి, కళ్ళకద్దుకుని నాకు చూపించింది.

ఆఫీసరు మాటను జమాదారు తెలుగులో మాకు, మా మాటను హిందీలో ఆయనకు చెప్పేవాడు. నేను నేరుగా రాస్తున్నాను.

"చూపించడం కాదు. తీసి ట్రేలో వెయ్యాలి."

"ఈపొద్దు శుక్రవారం సార్. ఇంటాయప్ప ఆసుపత్రిలో ఉండాడు."

"సాయంత్రం తిరిగి ఇస్తారు. పోయేదేమీ లేదు." ఆయన నా వైపు తిరిగాడు. "తియ్యి."

నేను కదల్లేదు. జమాదారు నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు. "తియ్యమ్మా. పాపముంటే అది రూలుది, నీది గాదు."

పెద్దామె నన్ను చూసింది, ట్రేను చూసింది. కొంగు పక్కకు జరిపి మెడ వంచింది.

"తియ్యి పాపా. ఈపొద్దు కూలి పోతే మందు యాడ తెచ్చేది? ఎప్పుడో నేనన్న మాట మనసులో పెట్టుకోవద్దు. నీ చేత్తోనే తియ్యి."

ఆమె ఒప్పుకుంది. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే తరువాత ఈ కథ చెప్పినవాళ్ళంతా పెద్దామె ఎదురు తిరిగిందని చెప్పారు. ఎదురు తిరగలేదు. వెనకవాళ్ళు కూడా కొంగులు సర్దుకోసాగారు. ఆమె తియ్యొద్దని ఏడ్చి ఉంటే నేను తీసి ఉండేదాన్నేమో. ఏడ్చేవాళ్ళ దగ్గర పని కానివ్వడం గేటులో నాకు అలవాటే. ఆమె మెడ వంచింది చూడండి, అది నా వల్ల కాలేదు. పదో రోజున నేనూ అట్లాగే వంచాను. నన్నూ ఎవరూ పట్టి వంచలేదు.

"నువ్వు ఒప్పుకుంటే చాల్దు. నేను ఒప్పుకోలేదు" అన్నాను. ఆఫీసరు వైపు తిరిగి, "నేను తియ్యను సార్" అన్నాను.

"నీకేమిటి కష్టం? నీ మెడలో ఏమీ లేదు కదా."

ఆయన దాన్ని ఎగతాళిగా అనలేదు. లెక్క ప్రకారమే అడిగాడు. అందుకే నేనూ లెక్క ప్రకారం జవాబు చెప్పాను.

"ఉండాది సార్."

నల్లదారం బయటికి లాగాను. ఇత్తడి బిళ్ళ ఎండకు మెరిసింది.  జమాదారు ముఖం పాలిపోయింది.

"అమ్మా, ఇది టైమాఫీసు బిళ్ళ. కంపెనీది. లోపల వేసుకో."

"అవునప్పా, టైమాఫీసుదే. మా ఇంటాయప్ప నడుముది. నేనే కట్టుకున్నాను." ఆఫీసరుకు ఎదురుగా పోయి నిలబడ్డాను. "ఇదో, మెడ వంచినాను. మొదట నాది తీసి ట్రేలో వెయ్యండి. జమాదారు చేత్తో గాదు. రూలు మీది, మీ చేత్తోనే తియ్యండి."

నిజంగానే వంచాను. ఆయన బూట్లు తప్ప నాకేమీ కనబడలేదు. నున్నగా పాలిష్ చేసిన బూట్లు. అవి ముందుకూ రాలేదు, వెనక్కీ పోలేదు. ఆయన చెయ్యి లేవలేదు.

నేను తల ఎత్తాను. "మీ మెడలో హనుమంతుని బిళ్ళ ఉండాది, వేలికి పగడం ఉండాది. మీరు దినామూ మిల్లు లోపలికి పోయి వస్తారు. ఏ దినమైనా తీసినారా? తీసింటే చెప్పండి. ఆడోళ్ళకు నేనే చెప్పి తీపిస్తాను."

జమాదారు ఆ ముక్కను తర్జుమా చెయ్యలేదు. అవసరం లేకపోయింది. ఆయన చెయ్యి తనంతట తానే కాలరు దగ్గరికి పోయి గుండీ సర్దింది.

వరుసలో నుంచి సిలువ పిల్ల గొంతు వినబడింది. "అక్క తియ్యనంటే ఇంగ తీసేదెవురు? ఎవురూ తియ్యకపోతే లోపలికి పోయేదెట్ల? ఇంగేం జేసేది, కూర్చుంటాము." అని అక్కడే నేల మీద చతికిలబడింది. తావీజు ఆమె కూర్చుంది, వెండి కాయ ఆమె కూర్చుంది, వరుసంతా కూర్చుంది. చివరికి పెద్దామె ఒక్కతే నిలబడి ఉంది. వంచిన మెడ ఎత్తి, కొంగు సర్దుకుని, "నాకు మోకాళ్ళు గూడా నొప్పే" అని తానూ కూర్చుంది. స్లోగన్లు లేవు, యూనియన్ జెండా లేదు. పని లేని పొద్దు ఎట్లా కూర్చుంటారో అట్లాగే కూర్చుని ఒకరి జడ ఒకరు చూసుకోసాగారు.

లోపల బురద ఎత్తేవాళ్ళు లేక కాలువలు నిండాయి. నీళ్ళు పొర్లి వచ్చాయి. మిల్లు ఫోర్‌మన్ మోకాళ్ళ దాకా బురదతో బయటికి వచ్చాడు. కూర్చున్నవాళ్ళను చూశాడు, ట్రేను చూశాడు, ఆఫీసరును పక్కకు పిలిచి చాలాసేపు మాట్లాడాడు. చివరికి తేల్చింది ఇది. ఎవరి మెడలోది వాళ్ళ మెడలోనే ఉంటుంది. లోపలికి పోయే ముందు, మెడలో ఉండగానే, దాన్ని చిన్న గుడ్డ సంచిలో దూర్చి మూతికి దారం చుట్టాలి. దారానికి జమాదారు సీసపు ముద్ర నొక్కుతాడు, కరెంటు మీటరుకు నొక్కినట్టు. సాయంత్రం ముద్ర చెదరకుండా ఉంటే చాలు. ఆఫీసరు అందుకు తల ఊపాడు. అప్పటికప్పుడు ఆడవాళ్ళు తమ కొంగు అంచులు చింపి సంచులు కట్టుకున్నారు.

అంతా ముగిశాక ఆఫీసరు నా దగ్గరికి వచ్చాడు. నా మెడలోని బిళ్ళ మీది అంకెను పైకి చదివి జమాదారు చేత రాయించుకున్నాడు.

వారంలోపు మెమో వచ్చింది. ఆజ్ఞ మీరడం ఒక తప్పు, కంపెనీ సొత్తును ఆభరణంగా ధరించడం రెండో తప్పు. అది జమాదారు చదివితే తెలిసింది. ఆయన కొన్ని మాటలు మింగేశాడని నాకు అనుమానం. నా మీద ఏం రాశారో నా కళ్ళతోనే చదవాలని పంతం పట్టాను. ఆ ఏడే సాయంత్రం బడికి పోయాను. మెమో కన్నడంలో ఉంది గనుక మొదట కన్నడ అక్షరాలు, తరువాత తెలుగు. మెమో అంతా ఒంటిగా చదివిన రోజు తెలిసింది, జమాదారు మింగినవి రెండు మాటలు, 'మొండి' అనీ 'మర్యాద తెలియని' అనీ. రెండూ నిజమే. ఆయన మింగనక్కర్లేదు.

ఎంక్వైరీలో ముగ్గురు కూర్చున్నారు. ఆ శుక్రవారం గేటు దగ్గర మొదట నేల మీద కూర్చున్నది ఎవరు, వాళ్ళ పేర్లేమిటి అని అడిగారు. తెలియదన్నాను. దినామూ చెక్ చేసేదానివి, పేర్లు తెలియవా అన్నారు. నేను మెడలు చూస్తాను గాని పేర్లు చూడనన్నాను. ఆ తరువాత బిళ్ళ అడిగారు. బిళ్ళ ఇచ్చేస్తే హెచ్చరికతో వదిలేస్తామని మంచిగానే చెప్పారు.

"ఇస్తాను సార్" అన్నాను. "బోర్డు మీద ఉండిన దీని జతను తెచ్చి ఇక్కడ పెట్టండి. రెండూ కలిపే ఇస్తాను. పైకొచ్చినోళ్ళు రెండూ కలిపే గదా ఇచ్చేది."

ముగ్గురిలో ఒకాయన పెన్ను కింద పెట్టాడు. బిళ్ళ నా మెడలోనే ఉండిపోయింది.

ఒక ఇంక్రిమెంటు ఆపి, నన్ను ఆసుపత్రి దోబీఖానాకు మార్చారు. మార్చితే మార్చారు. దుప్పట్లు మెడ వంచవు.

తాళి మెడలో నిలిచినందుకు పెద్దామె మొగుడు బతికాడా అంటే, బతకలేదు. ఆ చలికాలంలోనే పోయాడు. ఆయన చివరి దుప్పటి ఉతికింది నేనే. తాళికి మొగుణ్ణి కాపాడే శక్తి ఉందని నేను ఏనాడూ నమ్మలేదు. ఉంటే మా వీధిలో అంతమంది పోయేవాళ్ళు కాదు. పదో రోజున ఆమె నాకు కబురు పంపింది. పోతే, ఇంటి ముందు ముసలమ్మలు కాచుకుని ఉన్నారు.

"వీండ్లెవరూ వద్దు. నువ్వే తియ్యి" అన్నది.

"ఆఫీసరు చెప్తేనే తియ్యలేదు, నువ్వు చెప్తే తీస్తానా? కట్టినోడు పోయినాడు. ఇంగ అది నీది. తీసుకుంటే నువ్వే తీసుకో, లేకుంటే ఉంచుకో."

ఆమె చాలాసేపు పసుపుకొమ్మును వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చుంది. ముసలమ్మలు నన్ను నోటికి వచ్చినట్టు తిట్టారు. ఆమె లేచి, దారాన్ని రవిక లోపలికి తోసుకుని, "కాఫీ పెడతాను, తాగి పో" అన్నది. చనిపోయేదాకా అది ఆమె మెడలోనే ఉంది. ఆమె ఇంట్లో నేను కాఫీ తాగాను.

గనులు మూతపడ్డాయి. టైమాఫీసు తలుపులు కూడా ఎవరో ఊడబెరుక్కుపోయారు. బిళ్ళ అడిగేవాళ్ళు ఇప్పుడు లేరు. అడిగినా నా జవాబు మారలేదు.

ఆ శుక్రవారం గేటు దగ్గర ఎవరెవరు ఉన్నారో చెప్పి ముగిస్తాను. పేర్లు ఎంక్వైరీలో చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. పసుపుకొమ్ము పెద్దామె ఉంది. సత్తు సిలువ పిల్ల ఉంది. తావీజు కోడలు ఉంది. వెండి కాయ ఆమె ఉంది. రెండు బొట్లవాళ్ళు, ఒక్క బొట్టువాళ్ళు, బొట్లు సేటు కొట్లో పెట్టి ఉత్త దారంతో వచ్చినవాళ్ళు ఉన్నారు. కురుడుమలె వినాయకుని రాగి బిళ్ళతో జమాదారు ఉన్నాడు. చొక్కా సందున మరియమ్మ బొమ్మతో ఫోర్‌మన్ ఉన్నాడు. హనుమంతుని బిళ్ళ మీద చెయ్యి పెట్టుకుని ఆఫీసరు ఉన్నాడు. ఇత్తడి బిళ్ళతో నేనున్నాను. దాని మీది అంకెతో మా ఆయనా ఉన్నాడనే నా లెక్క.

ఇంతమందిమి ఉన్నాము. ట్రేలో మాత్రం ఏమీ పడలేదు.